పక్కింటివారితో సమాధానం



1976లో అన్నపూర్ణ స్టూడియో మొదలైంది. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి మెల్లమెల్లగా ఈ రాళ్లగుట్టల మీదికి తరలివచ్చింది. నటులు, నిర్మాతలతోపాటు లైట్‌మెన్, కార్పెంటర్లు, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు, ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లు కూడా వచ్చారు. అందుకే జూబ్లీహిల్స్‌లో పెద్ద బంగళాలు, ఫిల్మ్‌నగర్ బస్తీల్లో ఇరుకు సందులు దగ్గరదగ్గరగానే ఉన్నాయి. ఒకరిది కోనసీమ, మరొకరిది పాలమూరు. ఒకరు గుడికి, ఒకరు మసీదుకు, ఒకరు చర్చికి వెళ్తారు. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’లో యేసుగా నటించిన విజయచందర్ గారే తరువాత షిర్డీ సాయిబాబాగానూ నటించారు. రెండు చిత్రాలనూ చూసి కన్నీరు పెట్టినవారు ఒకే వీధిలో ఉంటారు.

అయినా మన మధ్య తగాదాలు లేకపోలేదు. ట్యాంకర్ దగ్గర బిందెల వరుస, గేటుకు అడ్డంగా పెట్టిన బండి, పై వాటా నుంచి కారే నీళ్లు, వాకిట్లో పడిన చెత్త. మొదలయ్యేది ఇంత చిన్నగానే. తరువాత మాటలు ఆగిపోతాయి. ఆ ఇంటికి వెళ్లొద్దని పిల్లలకు చెబుతాం. ఏళ్లు గడిచిపోతాయి.

కోపం ఒంటికి చేసే చేటు

అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 280 మంది ఆరోగ్యవంతులను పరిశీలించి 2024లో ఫలితాలు ప్రచురించారు. వారిలో కొందరిని, తమకు కోపం తెప్పించిన సంగతిని 8 నిమిషాలు తలచుకోమన్నారు. వారి రక్తనాళాలు విప్పారే శక్తి తగ్గిపోయింది. ఆ ప్రభావం 40 నిమిషాల వరకు ఉంది. ఒక్కసారి తలచుకుంటేనే ఇలా ఉంటే, గేటు దగ్గర ఆ ముఖం కనబడినప్పుడల్లా రగిలిపోయేవారి గుండె మాటేమిటి?

ఇంకొకటి ఆలోచించండి. అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా గుండెల్లో నొప్పి వస్తే 108కి ఫోన్ చేస్తాం. అది వచ్చేలోపు రోగిని మెట్లు దింపడానికి, పిల్లల దగ్గర కూర్చోవడానికి పరుగెత్తుకొచ్చేది ఊళ్లో ఉన్న చుట్టాలు కాదు, పక్కింటివారే. ఆ తలుపు తట్టలేని స్థితి తెచ్చుకోవడం మన ఇంటికే ప్రమాదం.

ఇస్సాకు తవ్విన బావులు

నీళ్ల తగాదా కొత్తది కాదు. ఆదికాండము 26వ అధ్యాయం చదవండి. ఇస్సాకు పనివారు బావి తవ్వితే గెరారు కాపరులు ఆ నీళ్లు తమవేనని పోట్లాడారు. ఇస్సాకు దానికి ఏశెకు, అంటే జగడం అని పేరు పెట్టి, ఇంకొకటి తవ్వించాడు. దానికోసమూ కలహమే. దాని పేరు శిత్నా, అంటే విరోధం. మూడవ బావి దగ్గర ఎవరూ గొడవపడలేదు. దానికి రహెబోతు అని పేరు పెట్టాడు, విశాలమైన చోటు అని అర్థం. తరువాత అక్కడి రాజు అబీమెలెకు తానే వెతుక్కుంటూ వచ్చాడు. ఇస్సాకు విందు చేసి, ప్రమాణం చేసుకుని, సమాధానంతో పంపాడు. ఆయన బలహీనుడై తగ్గలేదు. దేవుడు తనకు చోటిస్తాడన్న విశ్వాసంతో తగ్గాడు.

ముందు వెళ్లవలసినది ఎవరు?

మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాటను జాగ్రత్తగా గమనించండి. నీకు ఎవరిమీద కోపం ఉంది అని ఆయన అడగలేదు. నీమీద ఎవరికైనా మనస్తాపం ఉన్నట్టు గుర్తొస్తే, కానుకను బలిపీఠం దగ్గరే విడిచి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు. తప్పు ఎవరిదో తేలేవరకు ఆగమనలేదు. అవతలివారు ఒప్పుకుంటారా లేదా అన్నది మన చేతిలో లేదు. రోమా 12వ అధ్యాయంలో పౌలు కూడా మనకు సాధ్యమైనంతవరకే అడిగాడు.

మన వైపు నుంచి చేయదగినవి

1. ముందు మన ఇంటిని, మన సంఘాన్ని సరిచూసుకుందాం. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు పెట్టకూడదు. నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. మన ప్రార్థనకూ ఇదే వర్తిస్తుంది. పక్కింట్లో పసిబిడ్డ, పరీక్షకు చదివే పిల్లవాడు, నైట్ షూటింగ్ చేసి వచ్చిన అన్న నిద్రపోవాలి గదా!

2. కోపం చల్లారాక ఒంటరిగా వెళ్లండి. వీధిలో నలుగురిముందు గానీ, వాట్సాప్ గ్రూపులో గానీ వద్దు.

3. “అన్నా, మొన్న నేను నోరు జారాను, మనసులో పెట్టుకోకు” అని మన తప్పుతో మొదలుపెట్టండి. ఆ రోజుకు ఒక్క విషయమే మాట్లాడండి.

4. కుదరకపోతే ఇద్దరూ గౌరవించే పెద్దమనిషిని పిలవండి. ఆయన మన సంఘంవాడే కానక్కరలేదు. అప్పటికీ తెగకపోతే లోక్ అదాలత్ ఉంది. కేసు వేయకముందే అక్కడికి వెళ్లవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరి అంగీకారంతో వచ్చిన తీర్పుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

5. కొట్టడం, బెదిరించడం, ఆడపిల్లలను వేధించడం జరుగుతుంటే ఓర్చుకోవడం సమాధానం కాదు. 112కు, స్త్రీలైతే 181కి ఫోన్ చేయండి. క్షమించడం వేరు, కీడును దాచడం వేరు.

బీపీ ఉన్నవారికి ఒక మాట. మనసు తేలికపడింది గదా అని మాత్రలు మానకండి. డాక్టరు చెప్పే వరకు వేసుకోవలసిందే.

ప్రియులారా, ఆదివారం కానుక పట్టుకుని బయలుదేరేటప్పుడు మనం ఆ పక్కింటి గేటు ముందునుంచే నడిచి వెళ్తాం. ఈ వారం అక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. “బాగున్నారా?” అని అడుగుదాం. సమాధానకర్తయైన దేవుడు మీకు, మీ పొరుగువారికి తోడైయుండును గాక. ఆమేన్.