కుర్చీ చేతికొచ్చేసరికి...

అది 1994 మే 31. లండన్‌లోని ఇస్లింగ్టన్ ప్రాంతంలో గ్రానిటా అనే రెస్టారెంటు. ఇద్దరు స్నేహితులు ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరూ 1983లో ఒకేసారి బ్రిటన్ పార్లమెంటులో అడుగుపెట్టినవాళ్లే. అక్కడ ఒకే గదిని పంచుకున్నవాళ్లే. లేబర్ పార్టీ నాయకుడు జాన్ స్మిత్ గుండెపోటుతో చనిపోయి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. మరి ఆ స్థానం ఎవరిది? టోనీ బ్లెయిర్‌దా, గోర్డాన్ బ్రౌన్‌దా?

బ్రౌన్ తప్పుకున్నారు. కొన్నాళ్లయ్యాక పగ్గాలు అప్పగిస్తానని బ్లెయిర్ మాటిచ్చారన్నది బ్రౌన్ వర్గం వాదన. అలాంటి మాటేదీ ఇవ్వలేదన్నది అవతలివాళ్ల జవాబు.

పదేళ్ల ఎదురుచూపు

1997 ఎన్నికల్లో లేబర్ ఏకంగా 179 సీట్ల మెజారిటీతో గెలిచింది. బ్లెయిర్ ప్రధాని, బ్రౌన్ ఆర్థికమంత్రి. 2001లో మెజారిటీ 167. 2003లో ఇరాక్ యుద్ధం వచ్చిపడింది. 2005లో మెజారిటీ 66కి జారిపోయింది. నాలుగోసారి పోటీ చేయనని బ్లెయిర్ 2004లోనే చెప్పేశారు. ఇక అందరిదీ ఒకటే ప్రశ్న... దిగేదెప్పుడు? 2006 సెప్టెంబరులో సొంత ఎంపీలే ఒత్తిడి పెంచారు. ఏడాదిలోగా వెళ్లిపోతానని బ్లెయిర్ ప్రకటించాల్సి వచ్చింది. 2007 జూన్ 27న బ్రౌన్ ప్రధాని అయ్యారు. పార్టీలో ఆయనకు పోటీయే లేకపోయింది.

వెనకడుగు

పార్లమెంటరీ విధానంలో ప్రధాని మారితే ఎన్నికలు జరపాలనేం లేదు. కానీ ప్రజల ఓటుతో రాలేదన్న విమర్శ వెంటాడుతుంది. ఆ వేసవిలో సర్వేలు లేబర్‌కే మొగ్గు చూపాయి. ఎన్నికలు తప్పవని అంతా అనుకున్నారు. సరిగ్గా అప్పుడే, అక్టోబరు మొదట్లో, వారసత్వ పన్ను పరిమితిని పది లక్షల పౌండ్లకు పెంచుతామని కన్జర్వేటివ్‌లు హామీ ఇచ్చారు. సర్వేలు తిరగబడ్డాయి. అక్టోబరు 6న ఎన్నికల్లేవని బ్రౌన్ తేల్చేశారు. భయపడ్డారన్న ముద్ర పడిపోయింది.

మరుసటి ఏడాది ఇంకో దెబ్బ. తక్కువ ఆదాయం వాళ్లకు ఊరటనిచ్చే 10 శాతం పన్ను శ్లాబు 2008 ఏప్రిల్‌లో రద్దయింది. అది ఆర్థికమంత్రిగా ఆయన చివరి బడ్జెట్‌లో తీసుకున్న నిర్ణయమే! ఆ శరదృతువులో బ్యాంకులను ఆదుకున్న తీరుకు విదేశాల్లో మెప్పు దొరికింది. ఇంట్లో మాత్రం ఓట్లు రాలలేదు. 2010 మేలో లేబర్‌కు దక్కినవి 258 సీట్లు.

మేజర్ ఎలా గెలిచారు?

వారసులంతా ఓడిపోతారనీ కాదు. 1990 నవంబరులో థాచర్ తర్వాత వచ్చిన జాన్ మేజర్, జనం మండిపడ్డ పోల్ ట్యాక్స్‌ను పక్కన పెట్టారు. 1992లో 21 సీట్ల మెజారిటీతో గట్టెక్కారు. ఓటర్లకు ఆయన కొత్త ముఖం. బ్రౌన్‌కు ఆ వెసులుబాటు లేదు. పదేళ్ల పాలనలో సగం ఆయనదే. మంచికీ చెడుకీ జవాబు ఆయనే చెప్పుకోవాలి.

పోనీ, 2007లోనే ఎన్నికలకు వెళ్లుంటే? గెలిచేవారని గ్యారంటీ ఏమీ లేదు. 2016లో ప్రధాని అయిన థెరెసా మే సర్వేలను నమ్మి మరుసటేడే ఎన్నికలు పెట్టారు. ఉన్న మెజారిటీ కాస్తా పోయింది.

బ్రౌన్ పదమూడేళ్లు ఎదురుచూసి, మూడేళ్లలోపే దిగిపోయారు. ఆయన ఖాళీ చేసిన ఇంట్లోకి లేబర్ ప్రధాని మళ్లీ అడుగుపెట్టడానికి 14 ఏళ్లు పట్టింది... 2024 జులైలో!