పసరూ, మాత్రా - మధ్యలో కాలేయం

సంచికకు ఏదైనా శాస్త్ర విషయం రాయమని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు, పాఠ్యపుస్తకంలోని ఒక అధ్యాయాన్ని కుదించి యిచ్చి తప్పించుకుందామనే అనుకున్నాను. కాని అలా రాస్తే చదివేవాళ్ళు పేజీ తిప్పేస్తారు. అందుకని మా యింట్లో జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను. ఔషధ జీవక్రియ అనే అధ్యాయానికి పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ అధ్యాయం అర్థమయింది మాత్రం తరువాత, మా చిన్నాయన మంచం పక్కన.

మాది కడప జిల్లా వేంపల్లె. గండి ఆంజనేయస్వామి దగ్గర కొండల్ని చీల్చుకుని పాపాఘ్ని మా వైపు వస్తుంది. చుట్టూ వేరుశనగ చేలు, చీనీ తోటలు; ఆవల పాలకొండలు, శేషాచలం కొండలు. కొండ దగ్గరి వూళ్ళకు ఒక ధైర్యం వుంటుంది. ఏ జబ్బు చేసినా ఏదో ఒక ఆకో, వేరో, చెక్కో దొరకకపోదని. ఆ ధైర్యంలోనే నేనూ పెరిగాను.

చిన్నాయనకు క్షయ అని తేలింది. ప్రభుత్వ మాత్రలు మొదలుపెట్టారు. దగ్గు తగ్గింది, ఒళ్ళు కొంచెం తేరుకుంది. రెండో నెలలో అన్నం సయించలేదు. కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం కాఫీ డికాషను రంగులో వచ్చింది. "కామెర్లు" అని అవ్వ తేల్చింది. పక్కవూరి నుంచి పసరు తెప్పించి పరగడుపున మూడు రోజులు పోసింది. ఉప్పు లేదు, నూనె లేదు, మజ్జిగన్నం పథ్యం. క్షయ మాత్రలు మాత్రం ఆపలేదు. ఆపితే క్షయ తిరగబెడుతుందని ఎవరో చెప్పి వున్నారు కదా!

యింటి నుంచి ఫోను వచ్చినప్పుడు విన్నాను. "విశ్రాంతి తీసుకొమ్మనండి" అన్నాను. అంతే అన్నాను. ఐదు రోజుల తర్వాత సెలవులకు పోయి ఆయన్ను చూస్తే గుండె జారిపోయింది. పచ్చగా వున్నాడు, మాట తడబడుతోంది. మాత్రల సంగతీ పసరు సంగతీ కలిపి నేను అడుగుతుంటే అవ్వ విసుక్కుంది. "ఏం రా అబ్బీ, మాత్రలకూ పసరుకూ ఏం సంబంధం? అది ఇంగిలీషు మందు, ఇది ఆకు. దేని దావ దానిదే."

దేని దావ దానిదే! యీ వ్యాసమంతా ఆ ఒక్క మాటకు జవాబు. అవ్వకు ఆ రోజు నేను చెప్పలేకపోయిన జవాబు.

నోట్లో వేసుకున్న మందు పేగుల్లో యింకి, రక్తంలో కలిసి, ముందుగా చేరేది కాలేయానికి. మాత్రయినా సరే, కషాయమయినా సరే, తిన్న అన్నమయినా సరే, దావ ఒక్కటే. మందుల్లో చాలా భాగం కొవ్వులో కరిగే స్వభావం కలవి. అలా వుంటేనే అవి కణాల్లోకి చొరబడతాయి. కాని అదే స్వభావం వల్ల అవి మూత్రంలో సులభంగా బయటికి పోవు. తలకు పెట్టిన ఆముదం జిడ్డు ఉత్త నీళ్ళతో పోదు కదా. కుంకుడు రసం పోసి రుద్దితేనే నీళ్ళ వెంట పోతుంది. కాలేయం చేసే పని కొంత యిలాంటిదే.

యీ పని రెండు మెట్లుగా జరుగుతుంది. మొదటి మెట్టులో ఎంజైములు మందు అణువుకు ప్రాణవాయువు తగిలించి దాని రూపం మారుస్తాయి. వీటిలో ముఖ్యమైనవి సైటోక్రోమ్ పి-450 కుటుంబానివి. 1960లలో జపాను శాస్త్రజ్ఞులు ఒమురా, సాటో వీటి స్వరూపాన్ని నిర్ధారించారు. 450 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటాయి కనుక ఆ పేరు. మనిషిలో యీ కుటుంబానికి 57 జన్యువులున్నాయి. రెండో మెట్టులో ఆ అణువుకు గ్లూకురోనిక్ ఆమ్లమో, సల్ఫేటో, ఎసిటైల్ గుంపో జతపడుతుంది. సాధారణంగా అప్పుడది నీటిలో కరిగి మూత్రంలోనో పిత్తంలోనో బయటికి పోతుంది. కొన్ని మందులకు మొదటి మెట్టుతో పని లేకుండా నేరుగా రెండోదే జరుగుతుంది.

యిక్కడొక మెలిక వుంది. రూపం మారిన ప్రతిదీ మంచిది కాదు. ఒక్కొక్కసారి మందు కంటే దాని నుంచి పుట్టిన పదార్థమే కాలేయాన్ని కాలుస్తుంది. క్షయకు యిచ్చే ఐసోనియజిడ్ సంగతి అదే. ఎసిటైల్ గుంపు తగిలించే ఎంజైము అందరిలోనూ ఒకే వేగంతో పని చేయదు. కొందరిది చురుకు, కొందరిది నిదానం. యిది పుట్టుకతో వచ్చే తేడా. దక్షిణ భారతంలో సగానికి మించి జనం నిదానం తరహా వాళ్ళే. నిదానం వాళ్ళలో మందు ఎక్కువసేపు నిలిచి కాళ్ళకూ చేతులకూ తిమ్మిర్లు తెస్తుంది. అందుకే బి-6 విటమిను మాత్ర కూడా యిస్తారు. కాలేయానికి దెబ్బ తగిలే అవకాశం కూడా వాళ్ళకే ఎక్కువని తరువాతి పరిశోధనలు చూపాయి. రిఫాంపిసిన్, పైరజినమైడ్ కూడా కాలేయానికి భారమైనవే. ఆరు నెలల చికిత్సలో తొలి రెండు నెలలూ యీ మూడూ కలిసే పోతాయి. చిన్నాయనకు వచ్చిన పచ్చదనం బహుశా వూళ్ళో వచ్చే మామూలు కామెర్లు కాదు, మాత్రల నుంచి వచ్చినది. దానికి మొదటి వైద్యం ఆ మాత్రలు తాత్కాలికంగా నిలిపి వెంటనే డాక్టరు దగ్గరికి పోవటం.

డాక్టరు అదే చేశారు. మాత్రలు ఆపారు, రక్తం పరీక్షించారు. తరువాత ఒక ప్రశ్న అడిగారు: "ఆ పసరులో ఏమేమి కలిపినారు?" ఎవరమూ చెప్పలేకపోయాము. చెబితే మందు గుణం పోతుందని పసరు పోసినాయన చెప్పలేదు. పసరు సంగతి డాక్టరుకు చెప్పాలని యింట్లో ఎవరికీ తోచలేదు. మాత్రల సంగతి పసరు పోసినాయనకూ చెప్పలేదు. యిద్దరి మధ్యా వున్నది చిన్నాయన కాలేయం ఒక్కటే.

యిలా ఎందుకు జరిగింది? కొంచెం చరిత్ర చూడాలి. ఒకప్పుడు మన ప్రాంతంలో క్షయ అంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం పోవాల్సిందే. 1915 నుంచీ అక్కడ శానిటోరియం నడిచింది. రోగి నెలల తరబడి అక్కడే వుండాలి. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం వెలిసింది. యింటి దగ్గర వుండి మాత్రలు మింగినా శానిటోరియంలో వున్నంత ఫలితమూ వస్తుందని 1959లో ఆ కేంద్రం లోకానికి చూపించింది. పేదవాడికి అంత మేలు చేసిన పరిశోధన తక్కువ. అలా మాత్ర మన యింటికి వచ్చింది. కాని మన యిళ్ళలో అంతకు ముందే కషాయం వుంది, పసరు వుంది. రెండూ ఒకే గూట్లో చేరాయి. ఒకదాని సంగతి యింకొకదానికి ఎవరు చెప్పాలి?

చెట్టు మందుకు ఇంగిలీషు మందును ఆపే శక్తీ, పెంచే శక్తీ వున్నాయా అని మీరు అడగవచ్చు. వున్నాయనటానికి మన వంటింటి మిరియమే సాక్షి. ఆయుర్వేద యోగాల్లో చాలా వాటిలో త్రికటుకం, అనగా శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు ఎందుకు వస్తున్నాయని జమ్ములోని ప్రాంతీయ పరిశోధనశాలలో సి.కె. అటల్, ఆయన సహచరులు ఆలోచించారు. మిరియాల్లోనూ పిప్పళ్ళలోనూ వున్న పైపరిన్ అనే పదార్థం కాలేయం ఎంజైముల్ని మందగింపజేస్తుందని తేలింది. ఎంజైము మందగిస్తే మందు త్వరగా పోదు, రక్తంలో మోతాదు పెరుగుతుంది. 1987లో మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ తోనూ, 1991లో ప్రొప్రనలాల్, థియోఫిలిన్ లతోనూ ఆరోగ్యవంతుల మీదనే పరీక్షించి చూశారు. పైపరిన్ తో కలిపి యిస్తే రక్తంలో వాటి పాళ్ళు పెరిగాయి. 1998లో బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వారు 2 గ్రాముల కర్కుమిన్ తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపి యిచ్చారు. ఒంటికి పట్టిన కర్కుమిన్ 20 రెట్లయింది. మన జిల్లా పసుపులో పచ్చరంగు నిచ్చేది యీ కర్కుమినే.

యీ గుణం చివరికి క్షయ మందుకే ఉపయోగపడింది. 450 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్ యిచ్చే చోట 200 మిల్లీగ్రాములకు 10 మిల్లీగ్రాముల పైపరిన్ చేర్చిన మందు 2009లో మన దేశంలో బయటికి వచ్చింది. దాని వెనుక వున్నది జమ్ము పరిశోధనే. తూకం వేసి, పరీక్షించి కలిపితే మిరియం మందుకు చుట్టమయింది. తూకం లేకుండా కలిపితే అదే మిరియం మోతాదును విషం దాకా తీసుకుపోగలదు. అన్నంలో వేసుకునే చిటికెడు మిరియాలకు భయపడనక్కర్లేదు. రోజూ గ్లాసుల కొద్దీ కషాయం, పక్కనే మూర్ఛ మాత్ర వుంటే ఆలోచించాలి.

యిది మన దేశపు వింత కాదు. కెనడాలో బెయిలీ అనే శాస్త్రజ్ఞుడు రక్తపోటు మందు ఫెలోడిపిన్ ను గ్రేప్‌ఫ్రూట్ రసంతో యిస్తే రక్తంలో మందు ఎన్నో రెట్లు పెరగటం గమనించాడు. 1991లో ఆ పరీక్ష ప్రచురించాడు. గ్రేప్‌ఫ్రూట్ మన పంపరపనసకు బంధువు. అదే పరీక్షలో నారింజ రసానికి ఆ గుణం కనిపించలేదు. కాబట్టి మా చీనీ రైతులు దిగులు పడవలసిన పని లేదు!

యింతకూ చెట్టు మందులు పనికిరావనా నా వాదన? కాదు. మన కొండల్లో దొరికే వేగిస చెక్కనే తీసుకోండి. దాని గ్లాసులో రాత్రి నీళ్ళు పోసి పొద్దున్నే తాగటం చక్కెర వ్యాధికి మన వైపు అలవాటు. భారత వైద్య పరిశోధన మండలి దాన్ని కొత్తగా చక్కెర వ్యాధి బయటపడిన వారికి యిచ్చి చూసి 1998లో ఫలితాలు ప్రకటించింది. 97 మందిలో 67 మందికి 12 వారాల్లో చక్కెర అదుపులోకి వచ్చింది. అంటే చెక్కలో బలమైన సరుకే వుంది. బలం వున్నది గనుకనే, చక్కెర మాత్రతో పాటు తాగితే చక్కెర మరీ పడిపోయే భయమూ వుంది. మేలు చేయగల వస్తువుకే కీడు చేసే శక్తి కూడా వుంటుంది.

మరి కామెర్ల పసరులో తరచు వాడే నేల ఉసిరి? 1988లో మద్రాసు పరిశోధకులు త్యాగరాజన్, ఆయన సహచరులు హెపటైటిస్-బి వున్నవారికి దాన్ని 30 రోజులు యిచ్చారు. 37 మందిలో 22 మందికి రక్తంలో ఆ వైరసు గుర్తు పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. ప్రపంచమంతా యిటు చూసింది. తరువాత యితరులు చేసిన పరీక్షల్లో అదే ఫలితం రాలేదు. ఒక్క పరీక్షతో పొంగిపోకూడదు, ఒక్క పరీక్షతో పారేయనూ కూడదు. శాస్త్రం నడక అదే.

అవ్వ మాటల్లో పూర్తిగా అవివేకం లేదని కూడా చెప్పాలి. పథ్యం అంటే ఏమిటి? మందుతో పాటు ఏది తినాలి, ఏది తినకూడదు అన్న లెక్కే కదా. మందుకూ తిండికీ సంబంధం వుందని ఒప్పుకున్న సంస్కృతి మనది. మందుకూ మందుకూ సంబంధం వుందని ఒప్పుకోవటానికి యింకొక్క అడుగే మిగిలింది.

చిన్నాయన బతికాడు. కాలేయం కుదుటపడ్డాక డాక్టరు మాత్రలు ఒక్కొక్కటిగా, రక్తం పరీక్షిస్తూ మళ్ళీ మొదలుపెట్టారు. చికిత్స పూర్తయింది. మొన్న శ్రావణ శనివారం గండికి నాతో నడిచి వచ్చాడు. పసరు ఆయనకు కీడు చేసిందో లేదో నేను చెప్పలేను. పోయిన ఆ ఐదు రోజులు మాత్రం కీడు చేశాయి. అందులో నా వాటా వుంది.

కాబట్టి మిత్రులారా, సెలవులకు యిళ్ళకు పోయినప్పుడు ఒక పని చేయండి. గూట్లో వున్న మాత్రలూ, చూర్ణాలూ, పసరు సీసాలూ అన్నీ ఒక సంచిలో వేసుకుని పెద్దవాళ్ళను డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. అన్నీ బల్ల మీద పెట్టి చూపించండి. నాటువైద్యుడి దగ్గరికి పోయినా మాత్రల చీటీ వెంట తీసుకుపోండి. క్షయ మాత్రలు మింగే వారికి కళ్ళు పచ్చబడినా, అన్నం సయించకపోయినా ఒక్కరోజు కూడా ఆగవద్దు. "విశ్రాంతి తీసుకొమ్మనండి" అని నాలాగా ఫోను పెట్టేయవద్దు.

మా అవ్వ యిప్పుడు ఎవరికి కషాయం యిచ్చినా ముందు ఒక మాట అడుగుతుంది: "మాత్రలేమన్నా మింగుతాండావా నాయనా?" నాలుగేళ్ళు చదివి నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నలో వుంది.