ఒక్కొక్కరూ ఒక్కో పుస్తకం

ఫైరింజను గంట వినిపిస్తే ఎక్కడో ఇల్లు అంటుకుందనీ, ఆర్పడానికి వెళుతున్నారనీ అనుకుంటాం. కానీ ఆ ఊళ్ళో ఫైరింజను వచ్చిందంటే ఎవరింట్లోనో పుస్తకాలు బయటపడ్డాయన్నమాట. వాటిని తగలబెట్టడమే అక్కడి ఫైర్‌మన్ల ఉద్యోగం!

ఫ్రెంచి దర్శకుడు ఫ్రాంస్వా త్రుఫో 1966లో తీసిన 'ఫారెన్‌హీట్ 451' కథ ఇది. ఆయన ఇంగ్లీషులో తీసిన చిత్రం ఇదొక్కటే. అమెరికన్ రచయిత రే బ్రాడ్‌బరీ 1953లో ప్రచురించిన నవల దీనికి ఆధారం. అప్పటికి ఇరవై ఏళ్ళ క్రితమే, 1933 మే 10న, బెర్లిన్‌లో నాజీ విద్యార్థులు వేలాది పుస్తకాలను నడివీధిలో కాల్చారు. కనుక ఇది ఉత్త కల్పన అని కొట్టిపారేయలేం.

చదువు నిషిద్ధమైన లోకం కాబట్టి చిత్రం ఆరంభంలో నటీనటుల పేర్లు తెరపై పడవు, ఒక గొంతు చదివి వినిపిస్తుంది. అక్కడి పత్రికల్లో బొమ్మలే తప్ప అక్షరాలుండవు. మాంటాగ్ (ఆస్కార్ వెర్నర్) అనే ఫైర్‌మన్ ఒక పుస్తకం దాచి, రాత్రివేళ కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెడతాడు. పుస్తకాలను విడిచి రానన్న ఒక వృద్ధురాలు తానే అగ్గిపుల్ల గీసి వాటితోపాటు ఆహుతి కావడం అతని కళ్ళముందే జరుగుతుంది. చివరికి కట్టుకున్న భార్యే అతణ్ణి పట్టిస్తుంది. ఆ భార్య పాత్రనూ, అతనిలో ప్రశ్న రేపిన క్లారిస్ పాత్రనూ జూలీ క్రిస్టీయే పోషించడం విశేషం.

పారిపోయిన మాంటాగ్ అడవిలో తిరుగుబాటుదారులను కలుస్తాడు. వారి దగ్గర తుపాకులుండవు. ఒక్కొక్కరూ ఒక్కో పుస్తకాన్ని కంఠస్థం చేసి, ఆ పుస్తకం పేరే తమ పేరుగా పెట్టుకుంటారు. మరణశయ్యపై ఉన్న ఒక ముసలాయన తన పుస్తకాన్ని ఒక కుర్రవాడికి వల్లె వేయిస్తాడు. మంచు కురిసే వేళకు ఆ కుర్రవాడు దాన్ని తప్పులేకుండా అప్పజెబుతూ ఉంటాడు.

మనకిది కొత్త కాదు. అచ్చుయంత్రం రాకముందు మన శతకాలు నోటినుంచి నోటికి నడిచాయి. అవధానంలో ధారణ నేటికీ ఉంది. ఇక్కడ మన తెలుగు పుస్తకాలను ఎవరూ తగలబెట్టరు. చదివేవారు లేక అవి అలమారలోనే ఉండిపోతాయి, అంతే. ఫలితంలో పెద్ద తేడా లేదు.

మా నాన్నగారు ఫోనులో మనవడికి వేమన పద్యాలు వల్లె వేయిస్తుంటే నాకు ఆ ముసలాయనే గుర్తొస్తాడు. ఈ పండుగకు మీ ఇంట్లోనూ ఒక్క పద్యం ఒక పసినోటికి అందించండి.