అందరూ చదవగలిగితేనే ప్రకటనకు సార్థకత
ప్రభుత్వ వెబ్‌సైట్లకు ప్రమాణాల ఆవశ్యకత

ఒకప్పుడు నోటీసు బోర్డు, దినపత్రిక, ఆకాశవాణి నిర్వహించిన పాత్రను నేడు చాలావరకు ప్రభుత్వ వెబ్‌సైట్లు నిర్వహిస్తున్నాయి. పథకాల మార్గదర్శకాలు, ఉద్యోగ ప్రకటనలు, దరఖాస్తుల గడువు తేదీలు వాటి ద్వారానే వెలువడుతున్నాయి. అయితే వెబ్‌సైటులో ఉంచినంత మాత్రాన సమాచారం ప్రజలకు చేరినట్లు భావించరాదు. దివ్యాంగులతో సహా ప్రతి ఒక్కరూ, తమ భాషలో, తమ వద్దనున్న పరికరంపై దానిని చదవగలగాలి. ఇందుకోసం రూపొందినవే వెబ్ ప్రమాణాలు.

అంతర్జాతీయ ప్రమాణాలు

వరల్డ్ వైడ్ వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1994లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియంను స్థాపించారు. వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండేందుకు ఈ సంస్థ 1999లో తొలి మార్గదర్శకాలను వెలువరించింది. 2008లో వాటి రెండవ రూపం, 2018లో 2.1, 2023లో 2.2 రూపాలు వచ్చాయి. వీటికి నాలుగు సూత్రాలు ఆధారం. సమాచారాన్ని చూసిగాని, వినిగాని గ్రహించగలగాలి; మౌస్ లేకున్నా కీబోర్డుతో వినియోగించగలగాలి; సులభంగా అర్థం కావాలి; వేర్వేరు పరికరాలు, సాఫ్ట్‌వేర్లు దానిని సక్రమంగా చదవగలగాలి.

చట్టపరమైన బాధ్యత

దివ్యాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించింది. ప్రభుత్వ సంస్థల వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండాలని ఐరోపా సమాఖ్య 2016లో ఆదేశం జారీ చేసింది. మన దేశంలో 2009లో రూపొందిన భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల మూడవ రూపం 2023లో వెలువడింది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 42వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ మాధ్యమాలలోని సమాచారం దివ్యాంగులకు అందుబాటులో ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి. డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో అంతర్భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న స్పష్టం చేసింది.

తెలుగులో ఎదురవుతున్న సమస్య

2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్ల మంది. అదే లెక్కల ప్రకారం దేశంలో దృష్టి లోపం గలవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. వీరిలో పలువురు తెరపైని అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్‌పై ఆధారపడతారు.

యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపు చేసిన ప్రకటన తెరపై తెలుగుగానే కనిపించినా, కంప్యూటరులో నమోదయ్యేది ఆంగ్ల అక్షరాలు, గుర్తులే. స్క్రీన్ రీడర్ వాటినే అర్థం లేకుండా చదువుతుంది. సంతకమైన ఉత్తర్వును స్కాన్ చేసి ఉంచితే అది కేవలం బొమ్మగా మిగులుతుంది. ఫలితంగా ఉపకార వేతనానికి అర్హత గల అంధ విద్యార్థి గడువు తేదీని సైతం మరొకరి చేత చదివించుకోవలసి వస్తుంది; చదివేవారు దొరికేలోగా గడువు ముగిసిపోవచ్చు. అటువంటి ప్రకటన శోధన యంత్రాలకూ సరిగా చిక్కదు. విలేకరులు అంకెలను తిరిగి టైపు చేసుకొనేటప్పుడు పొరపాట్లకు అవకాశం ఏర్పడుతుంది. 1991 నుంచి యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు ప్రత్యేక సంకేతాలు ఉన్నందున ఈ ఇబ్బందిని నివారించడం సాధ్యమే.

కార్యాలయాలు పాటించవలసినవి

* ప్రకటనలను యూనికోడ్‌లోనే టైపు చేయాలి. పాత ఫాంట్ల నుంచి మార్చినపుడు మూలంతో సరిచూడాలి.
* స్కాన్ చేసిన ఉత్తర్వుతో పాటు దాని పాఠాన్ని అక్షర రూపంలో ఉంచాలి.
* ఛాయాచిత్రాలు, పటాలకు వివరణ వాక్యం జోడించాలి.
* పేజీ భాష తెలుగు అని కోడ్‌లో పేర్కొనాలి. అప్పుడే స్క్రీన్ రీడర్ తెలుగు ఉచ్చారణను ఎంచుకొంటుంది.
* సాధారణ పరిమాణంలోని అక్షరాలకు, వెనుక రంగుకు మధ్య వ్యత్యాసం కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలి. అక్షరాలను 200 శాతం వరకు పెంచుకొనే వీలుండాలి.
* దరఖాస్తులోని ప్రతి గడికి స్పష్టమైన పేరు ఇవ్వాలి.

ప్రకటన విడుదలకు ముందు సులభమైన పరీక్ష ఒకటి ఉంది. అందులోని ఒక వాక్యాన్ని కాపీ చేసి వేరొక ఫైలులో ఉంచినపుడు తెలుగు అక్షరాలు యథాతథంగా వస్తే పాఠం సరైన రూపంలో ఉన్నట్లే. ఆపై మౌస్‌ను పక్కన ఉంచి, కేవలం కీబోర్డుతో దరఖాస్తును చివరి వరకు పూరించి చూడాలి.

వీటిలో అధిక భాగానికి అదనపు వ్యయం అవసరం లేదు. టైపు చేసే దశలోనే శ్రద్ధ వహిస్తే సరిపోతుంది. గడువు తేదీ అందరికీ ఒకటే అయినపుడు, దానిని స్వయంగా తెలుసుకొనే అవకాశాన్ని సైతం అందరికీ సమానంగా కల్పించవలసిన బాధ్యత ప్రతి కార్యాలయంపై ఉంది.