ఆర్గనాయిడు జీవితకథ

భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ సంస్థ సిద్ధపఱచిన అమైనోప్టెరిన్ అను మందును రక్తక్యాన్సరు సోకిన 16 మంది బాలలకు ఇచ్చి, వారిలో 10 మందికి తాత్కాలికముగ ఉపశమనము కలిగినదని అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించెను. మందు ఎవరికి గుణమిచ్చునో, ఎవరికి ఈయదో తెలిసికొనుటకు ఆనాటి వైద్యులకు రోగి దేహమొక్కటే పరీక్షాస్థలము. ఆ పరీక్షను దేహమునకు వెలుపల, రోగి కణితికణములపైననే జరుపుటకు నేడు ఏర్పడిన సాధనము ఆర్గనాయిడు, అనగా ప్రయోగశాలలో పెంచిన సూక్ష్మావయవము.

1951లో హెన్రియెటా లాక్స్ అను రోగి కణితినుండి తీసిన హీలా కణములు పరిశోధనకు మహోపకారము చేసినను, పాత్రపై పలుచని పొరగా పెరుగు కణములకు అవయవపు నిర్మాణము అబ్బలేదు. ఆ కొఱత 2009లో కొంత తీఱినది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ నగరమున, హాన్స్ క్లెవర్స్ పరిశోధనశాలలో, తొషిరో సాతో ఎలుక పేగునుండి ఒక్క మూలకణమును వేఱుచేసి, చల్లగానున్నపుడు ద్రవమై శరీరోష్ణమునకు గడ్డకట్టు మ్యాట్రిజెల్ బిందువులో నుంచి, ఎదుగుదలకు వలయు ప్రోటీనులను అందింపగా, అది బోలు గోళమై, చుట్టును మొగ్గలు తొడిగి, పేగు గోడను పోలిన నిర్మాణముగా ఎదిగినది.

అనతికాలముననే మానవుల కణితులనుండియు ఆర్గనాయిడులు పుట్టినవి. 2015లో 20 మంది పెద్దపేగు క్యాన్సరు రోగుల కణితులతో ఒక సజీవ భాండాగారము వెలసినది. 2018లో లండను శాస్త్రజ్ఞులు జీర్ణాశయ సంబంధ క్యాన్సరులపై జరిపిన పరిశోధనలో, ఆర్గనాయిడుపై విఫలమైన మందు రోగియందును విఫలమైనది. ఫలించిన మందు నూటికి 88 వంతున రోగియందును ఫలించినది. పరిశీలించిన రోగులు కొలదిమందియే యైనను, ఈ ఫలితము ఆశాజనకము.

అయినను ఆర్గనాయిడుకు రక్తనాళములు లేవు, రోగనిరోధక కణములు లేవు. కావున దేహపు రక్షణశక్తిని మేల్కొల్పు మందులను పరీక్షింపవలెనన్న, ఆ కణములను వేఱుగా చేర్చి పెంచవలసియున్నది.

మన దేశమున 2023లో సవరించిన నూతన ఔషధ నియమములు, జంతువులపై జరుపు పరీక్షలతోపాటు మానవకణములపై ఆధారపడిన పద్ధతులకును స్థానమిచ్చినవి. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమైన సి.సి.ఎం.బి.కి అనుబంధమైన అటల్ ఇంక్యుబేషన్ కేంద్రమున మానవకణ నమూనాల అభివృద్ధికి ప్రత్యేక కేంద్రము నెలకొన్నది. పొగాకు నమలుటచే కలుగు నోటి క్యాన్సరు మన దేశమున అధికము. 2015లో వెలసిన ఐరోపా రోగుల పేగు కణితుల భాండాగారము దానికి సమాధానము చెప్పజాలదు. కావున శస్త్రచికిత్సలో తొలగించిన కణితిని వృథాచేయక, రోగి సమ్మతితో భద్రపఱచి పెంచు భాండాగారములు మన ఆసుపత్రులలో వెలయవలెను. ఏ ఊరినుండి వచ్చిన రోగికైనను తన కణితిపై పరీక్షింపబడిన మందే అందవలెను.