తెరుచుకున్న ఎముక విరుపులు: తొలి గంటల చికిత్సపై పరిశోధనలు తేల్చినది

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022 సంవత్సరంలో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించగా 4,43,366 మంది గాయపడ్డారు. మరణించినవారిలో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే. మృతుల సంఖ్య మరునాటి పత్రికల్లో వస్తుంది. గాయపడినవారు తరువాత ఏమైనారన్నది మాత్రం సాధారణంగా వార్త కాదు. వారిలో అత్యంత క్లిష్టమైన చికిత్స అవసరమయ్యేది, విరిగిన ఎముకతో పాటు పైచర్మం చీలి గాయం లోపలి వరకు తెరుచుకున్నవారికి. వైద్యులు దీనిని ఓపెన్ ఫ్రాక్చర్ అంటారు.

మోకాలి దిగువన ఉండే పెద్ద ఎముకకు ముందు వైపున కండరాల కవచం ఉండదు. చర్మం కిందనే ఎముక చేతికి తగులుతుంది. బండి మీది నుంచి పడినపుడో, లారీ చక్రం రాసుకుపోయినపుడో విరిగిన మొన చర్మాన్ని చీల్చుకుని బయటికి రావడం ఇక్కడే ఎక్కువ. రోడ్డు మీది మట్టి, పేడ, గుడ్డ పీలికలు నేరుగా ఎముకలోకి చేరతాయి. చీము పడితే ఎముక అతకదు, శస్త్రచికిత్సలు ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి, కొందరికి చివరకు కాలు తీసివేయవలసి వస్తుంది. కూలి పని చేసుకునే కుటుంబానికి ఇది ఏళ్ల తరబడి సాగే నష్టం.

ఈ గాయాలకు ఏ చికిత్స మేలన్న విషయమై గత యాభై ఏళ్లలో జరిగిన పరిశోధనలు, ఆస్పత్రులలో ఆనవాయితీగా వస్తున్న పద్ధతులను కొన్నిచోట్ల బలపరచగా, కొన్నిచోట్ల తలకిందులు చేశాయి. ఖరీదైన పరికరమే మంచిదన్న నమ్మకం ఒకటికి రెండుసార్లు వీగిపోవడం గమనార్హం.

1976లో అమెరికాలోని మినియాపోలిస్‌కు చెందిన గస్టిలో, ఆండర్సన్ అనే వైద్యులు 1,025 ఓపెన్ ఫ్రాక్చర్ల అనుభవాన్ని ప్రచురించారు. గాయం ఒక సెంటీమీటరుకు లోబడి శుభ్రంగా ఉంటే మొదటి రకం, అంతకు మించి ఉండి కండరం పెద్దగా నలగకపోతే రెండవ రకం, కండరం, చర్మం విస్తారంగా దెబ్బతింటే మూడవ రకం అని వారు చేసిన విభజన నేటికీ అన్ని దేశాలలో వాడుకలో ఉన్నది. మూడవ రకాన్ని 1984లో మరో మూడు తరగతులుగా విడదీశారు. పోలీసు రికార్డులోనూ, వార్తలలోనూ కనిపించే "కాలు విరిగింది" అన్న మాట ఈ రకాలన్నింటినీ ఒకే గాటన కట్టివేస్తుంది. నిజానికి మొదటి రకానికీ, మూడవ రకానికీ మధ్య ఉన్న దూరం, జ్వరానికీ విషజ్వరానికీ మధ్య ఉన్నంత.

యాంటీబయాటిక్ మందుల విషయంలో సాక్ష్యం పాతదే అయినా బలమైనది. 1974లో లాస్ ఏంజెలెస్‌లో పట్జాకిస్ బృందం 310 మంది రోగులపై జరిపిన పరిశీలనలో, యాంటీబయాటిక్ ఇవ్వనివారిలో 13.9 శాతం మందికి ఇన్ఫెక్షన్ రాగా, సెఫలోథిన్ ఇచ్చినవారిలో అది 2.3 శాతానికి పరిమితమైంది. ఎంత త్వరగా ఇవ్వాలన్న ప్రశ్నకు 2015లో వెలువడిన మరొక అధ్యయనం కొంత జవాబు చెప్పింది. మూడవ రకం గాయాలున్న 137 మందిని పరిశీలించగా, దెబ్బ తగిలిన 66 నిమిషాలు దాటిన తరువాత మందు అందినవారిలో ఇన్ఫెక్షన్ ముప్పు పెరిగినట్లు తేలింది. బ్రిటన్‌లోని వైద్య ప్రమాణాలు కూడా వీలైతే గంటలోపే మొదటి మోతాదు పడాలని సూచిస్తున్నాయి. ఇందుకు శస్త్రచికిత్స గది గానీ, ఆర్థోపెడిక్ నిపుణుడు గానీ అక్కరలేదు. రోగి తొలుత చేరిన ఆస్పత్రిలో, పెద్దాస్పత్రికి పంపే ముందే ఇవ్వదగిన మందు ఇది.

గాయాన్ని ఎన్ని గంటలలో కడిగి శుభ్రపరచాలన్న దానిపై చాలాకాలం ఆరు గంటల నియమం చెలామణిలో ఉండేది. దీని మూలం ఆసక్తికరమైనది. 1898లో జర్మనీలో ఫ్రెడరిక్ అనే శస్త్రవైద్యుడు గినీ పందుల గాయాలలో తోటమట్టి, మెట్ల మీది దుమ్ము వేసి జరిపిన ప్రయోగాల నుంచి అది పుట్టింది. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు. 2014లో కెనడాలో 736 మందిని పరిశీలించినపుడు, శస్త్రచికిత్స ఎన్ని గంటలకు మొదలైందన్న దానికీ, లోతైన ఇన్ఫెక్షన్‌కూ సంబంధం కనిపించలేదు. అంటే ఆలస్యం చేయవచ్చని అర్థం కాదు. మట్టీ మురుగూ బాగా చేరిన గాయానికి వెంటనే, తీవ్రమైన దెబ్బలకు 12 గంటలలోపు, మిగిలినవాటికి 24 గంటలలోపు శుభ్రత జరగాలని బ్రిటిష్ ప్రమాణాలు చెబుతున్నాయి. అర్ధరాత్రి అనుభవం లేని చేతులతో హడావిడిగా కోయడం కంటే, తెల్లవారి సమర్థుడైన వైద్యుడు, తగిన బృందం చేయడం అనేక సందర్భాలలో మేలన్నది దీని సారాంశం.

ఇక కడిగే పద్ధతి. ఈ చిన్న విషయంపైనే ఆర్థోపెడిక్ రంగంలోని పెద్ద పరీక్షలలో ఒకటి జరిగింది. ఓపెన్ ఫ్రాక్చర్‌లో చచ్చిన కండరాన్ని కోసివేసి, లోపలి మలినాన్ని నీటితో కడగాలన్నదానిపై ఎవరికీ అభ్యంతరం లేదు. వాదమంతా రెండు అంశాలపై సాగింది. నీటిని ఎంత ఒత్తిడితో కొట్టాలి? ఉప్పునీటిలో సబ్బు కలపాలా? జోరుగా కొడితే మట్టి బాగా పోతుందని కొందరు, అదే జోరు మలినాన్ని ఎముక లోపలికి నెడుతుందని మరికొందరు వాదించేవారు. జంతువులపై జరిగిన ప్రయోగాలు సబ్బు వైపు మొగ్గు చూపాయి. అధిక పీడనంతో నీటిని చిమ్మే యంత్రాలు అప్పటికే అనేక ఆస్పత్రులలో ప్రవేశించాయి.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో, డాక్టర్ మోహిత్ భండారి ప్రభృతులు ఫ్లో అనే పేరుతో ఈ వివాదాన్ని పరీక్షకు పెట్టారు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, నార్వేలతో పాటు భారతదేశం కూడా ఇందులో పాల్గొన్నది. మొత్తం 41 కేంద్రాలలో 2,551 మంది రోగులను చేర్చుకోగా, 2,447 మంది ఫలితాలను లెక్కలోకి తీసుకున్నారు. ఏ రోగికి ఏ పద్ధతి అన్నది వైద్యుని ఇష్టానికి వదలలేదు. చీటీలు వేసినట్లుగా కేటాయించారు. ఈ జాగ్రత్త ఎందుకంటే, వైద్యుడే ఎంచుకుంటే తీవ్రమైన గాయాలన్నీ ఒక పద్ధతి కిందికే చేరి, ఆ పద్ధతి చెడ్డదన్న అపోహ కలుగవచ్చు. చీటీ వేస్తే తేలిక గాయాలూ, పెద్ద గాయాలూ రెండు వైపులా దాదాపు సమంగా సర్దుకుంటాయి. మిగిలిన తేడాను చికిత్సకు ఆపాదించవచ్చు.

పీడనాన్ని మూడు స్థాయిలలో పరీక్షించారు. మొదటిది చదరపు అంగుళానికి 20 పౌండ్లకు మించినది. రెండవది 5 నుంచి 10 పౌండ్లది. మూడవది కేవలం 1, 2 పౌండ్లది. ఈ చివరిదానికి యంత్రమే అక్కరలేదు, స్టాండుకు వేలాడదీసిన సెలైన్ సీసా నుంచి నీరు తనంత తానుగా జారితే చాలు. 12 నెలలలోపు మళ్లీ శస్త్రచికిత్స చేయవలసి వచ్చిందా అన్నదానిని ఫలితానికి కొలబద్దగా తీసుకున్నారు.

2015 డిసెంబరులో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన ఫలితాలు ఇవి. అధిక పీడనం వాడినవారిలో 13.2 శాతం, మధ్యస్థ పీడనంలో 12.7 శాతం, అతి తక్కువ పీడనంలో 13.7 శాతం మందికి మళ్లీ శస్త్రచికిత్స అవసరమైంది. వీటి మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. సబ్బు విషయంలో మాత్రం తేడా వచ్చింది, అదీ ఊహించిన దిశలో కాదు. సబ్బునీటితో కడిగినవారిలో 14.8 శాతం మందికి, ఉత్త సెలైన్‌తో కడిగినవారిలో 11.6 శాతం మందికి మళ్లీ శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. జంతువులలో మేలుగా తోచిన పద్ధతి మనుషులలో కీడు చేసినట్లయింది.

ఒక జిల్లా ఆస్పత్రి కొనుగోళ్ల జాబితాను పరిశీలించే అధికారికి ఈ అంకెల విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఏ ప్రాథమిక ఆస్పత్రిలోనైనా దొరికే సెలైన్ సీసా, యంత్రానికి తీసిపోలేదు. "తేడా లేదు" అన్న ఫలితాన్ని పాత్రికేయులు తరచు విఫలమైన పరిశోధనగా రాస్తుంటారు. ఇక్కడ ఆ తేడా లేకపోవడమే అసలు వార్త.

ఇటువంటిదే మరొకటి. గాయంపై స్పాంజి అమర్చి, గాలిని పీల్చే యంత్రంతో కట్టే కట్టు ఒకటి ఇరవై ఏళ్లుగా విస్తరించింది. బ్రిటన్‌లో 24 ఆస్పత్రులలో 460 మందిపై జరిగిన వోల్ఫ్ పరీక్ష ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఏడాది తరువాత చూస్తే, యంత్రపు కట్టు కట్టినవారి వైకల్యం సూచీ 45.5, మామూలు కట్టు కట్టినవారిది 42.4. ఇన్ఫెక్షన్ 7.1 శాతం, 8.1 శాతం. రెండింటికీ గణనీయమైన తేడా లేదని తేల్చారు. ఇతర రకాల గాయాలకు ఆ కట్టు పనికిరాదని ఈ పరీక్ష చెప్పలేదు. ఓపెన్ ఫ్రాక్చర్లకు తప్పనిసరి కాదని మాత్రం చెప్పింది.

చర్మం పోయినచోట ఎముకను ఎప్పుడు కప్పాలన్నదానికి ఇంత గట్టి సాక్ష్యం లేదు. అప్పటి యుగోస్లావియాలోని లుబ్లియానాలో మార్కో గొదీనా అనే ప్లాస్టిక్ సర్జన్ 532 మందికి చేసిన శస్త్రచికిత్సల వివరాలు 1986లో ప్రచురితమయ్యాయి. 72 గంటలలోపు కండరాన్ని తెచ్చి కప్పినవారిలో ఇన్ఫెక్షన్ 1.5 శాతం కాగా, 72 గంటల నుంచి మూడు నెలల మధ్య కప్పినవారిలో అది 17.5 శాతం. గొదీనా ఆ ఏడాదే కారు ప్రమాదంలో మరణించారు. ఇది చీటీలు వేసి జరిపిన పరీక్ష కాదు. త్వరగా కప్పగలిగినవి ముందే మంచి స్థితిలో ఉన్న గాయాలు కావచ్చునన్న సందేహానికి తావున్నది. అయినా బ్రిటిష్ ప్రమాణాలలోని 72 గంటల గడువుకు దీని ప్రభావం కనిపిస్తుంది. ఎముకల వైద్యుడూ, ప్లాస్టిక్ సర్జనూ ఒకే ఆస్పత్రిలో ఉండాలన్న వాదనకు మూలం కూడా ఇదే.

కాలు నిలబెట్టాలా, తీసివేయాలా అన్నది అన్నిటికంటే బాధాకరమైన ప్రశ్న. దీనిపై చీటీలు వేయడం మానవత్వం కాదు గనుక, అమెరికాలోని ఎనిమిది ట్రామా కేంద్రాలలో 569 మందిని రెండేళ్లపాటు అనుసరించి చూశారు. లీప్ పేరుతో 2002లో ప్రచురితమైన ఈ అధ్యయనంలో, కాలు తీసివేసినవారిలో 53 శాతం, నిలబెట్టినవారిలో 49.4 శాతం మంది రెండేళ్లకు తిరిగి పనిలో చేరారు. వైకల్యం సూచీలు దాదాపు సమానం. అయితే ఉపద్రవాల వల్ల మళ్లీ ఆస్పత్రిలో చేరవలసి వచ్చినవారు, కాలు నిలబెట్టినవారిలో 47.6 శాతం, తీసివేసినవారిలో 33.9 శాతం. ఇక్కడ అధికారులు ప్రత్యేకించి గమనించవలసిన అంశం ఒకటున్నది. కోలుకోవడం కత్తి కంటే ఇతర విషయాలపై ఎక్కువగా ఆధారపడింది. పేదరికం, తక్కువ చదువు, బీమా లేకపోవడం, ఆసరా ఇచ్చే మనుషులు లేకపోవడం, పొగతాగడం ఉన్నవారిలో ఫలితం రెండు వర్గాలలోనూ దిగజారింది.

కాలును నిలబెట్టగలమా లేదా అని తేల్చడంలో భారతదేశపు కృషి ఒకటి అంతర్జాతీయంగా గుర్తింపు పొందింది. కోయంబత్తూరులోని గంగా ఆస్పత్రిలో డాక్టర్ ఎస్. రాజశేఖరన్ బృందం 109 మంది రోగుల ఆధారంగా 2006లో ఒక మార్కుల పట్టికను ప్రచురించింది. చర్మం, ఎముక, కండరాలకు విడివిడిగా మార్కులు వేసి, వయసు, షుగరు వ్యాధి వంటి అంశాలను కలుపుతారు. మొత్తం 14 లోపైతే కాలు నిలబెట్టవచ్చు, 17 గానీ అంతకు మించి గానీ ఉంటే తీసివేయడం మేలు, 15, 16 వచ్చినవారి విషయంలో అనుభవజ్ఞులైన వైద్యులు విడివిడిగా నిర్ణయించుకోవాలి. రోగి బంధువులకు పరిస్థితిని వివరించడానికీ ఇటువంటి పట్టిక అక్కరకు వస్తుంది.

ఈ పరిశోధనలన్నీ రోగి ఆస్పత్రికి చేరిన తరువాతి సంగతులు. 18 అల్ప, మధ్య ఆదాయ దేశాలలో ఎముకలు విరిగినవారిపై జరిగిన ఇనార్మస్ అధ్యయనం 2020లో వెలువడింది. ఇందులో భారతదేశం కూడా ఉన్నది. తగిన ఆస్పత్రిలో చేరడానికి జాప్యం ఎందుకవుతున్నదని అడిగితే, ఒక ఆస్పత్రి నుంచి మరొక ఆస్పత్రికి పంపడమే ప్రధాన కారణంగా తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న ఆరంభమైన 108 అంబులెన్సు సేవ, 2007 ఏప్రిల్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం రోడ్డు నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి బిల్లు చెల్లింపుకు దారి వేసిన సంగతి విదితమే. మధ్యలో రెఫర్ చేసే గంటలే నేటికీ లెక్కకు అందనివి. మొదటి ఆస్పత్రి చీటీ మీద యాంటీబయాటిక్ ఇచ్చిన సమయం రాసి ఉంటే, ఆ గంటలకు లెక్క దొరుకుతుంది. గాయం తెరిచి ఉండగా బిగుతైన నాటుకట్టు కట్టించుకుని రెండు మూడు రోజుల తరువాత వచ్చేవారి విషయంలో, రక్తప్రసారం ఆగి కాలు కుళ్లే ప్రమాదం దీనికి తోడవుతుంది.

కొత్త చికిత్సల గురించి వార్తలు రాసేవారు, పరీక్ష వివరాలు సరిచూసుకోవడానికి భారత క్లినికల్ పరీక్షల రిజిస్ట్రీ 2007 జులై నుంచి అందుబాటులో ఉన్నది. 2009 జూన్ నుంచి దేశంలో ఔషధ పరీక్షలకు అందులో ముందస్తు నమోదు తప్పనిసరి అయినది. ఏ ఫలితాన్ని కొలుస్తామని ముందు చెప్పారో, చివరకు ఏది ప్రకటించారో పోల్చి చూడవచ్చు.

రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలో ప్రకటించింది. దీని కింద ఒక్కొక్కరికి ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, లక్షా 50 వేల రూపాయల మేరకు చికిత్స లభిస్తుంది. యాంటీబయాటిక్, గాయం శుభ్రత, ఎముకను నిలిపే తొలి శస్త్రచికిత్స, 72 గంటలలో చర్మం కప్పడం ఈ వారంలో పూర్తి కాగలవు. ఫ్లో పరీక్ష లెక్కించిన రెండవ శస్త్రచికిత్సలు జరిగినది 12 నెలల వ్యవధిలో.