మచ్చ వేరు, కుళ్ళు వేరు

కూరగాయల అంగడికి వెళ్ళినపుడు మనలో చాలామంది మొట్టమొదట చేసే పని ఏరుకోవడం. నునుపైన వంకాయను, గుండ్రని ఎర్రని టమాటాను సంచిలో వేసుకొని, వంకర తిరిగినదానిని, మచ్చ పడినదానిని పక్కకు నెట్టివేస్తాము. ఆ నెట్టివేసిన కాయ చివరకు ఏమైపోతున్నదో ఆలోచించే తీరిక మనకుండదు. ఈ వ్యాసంలో మేము ముచ్చటించదలచినది ఆ కాయను గురించే.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదికను అనుసరించి, 2022లో ప్రపంచమంతటా ఇళ్ళు, హోటళ్ళు, దుకాణాలు కలిసి వృథా చేసిన ఆహారం సుమారు 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్ళలోనే వృథా అయినది. ఇక సరుకు ఇంటికి చేరకముందే జరిగే నష్టం వేరు. లూధియానాలోని కేంద్ర పరిశోధన సంస్థ 2015లో వేసిన లెక్క ప్రకారం మన దేశంలో కోత మొదలుకొని పోయేది టమాటాలో 12.44 శాతం, మామిడిలో 9.16 శాతం, జామలో 15.88 శాతం. ఇదంతా కాయ రూపం బాగులేకపోవడం వల్లనే అని మేము అనము. ఎండ, దూర ప్రయాణం, నిల్వ వసతుల లోపం ఇందుకు పెద్ద కారణాలు. అయినప్పటికీ ఏరివేతకు కూడా ఈ నష్టంలో వాటా ఉన్నది.

కాయకు ఆ వికారం ఎక్కడినుండి వచ్చినదో తెలిస్తే దానిపై మనకున్న అనుమానం సగం తీరుతుంది. నల్గొండ వైపు బత్తాయి అనీ, అనంతపురం వైపు చీనీ అనీ పిలిచే పండునే తీసుకొందాము. కొన్ని కాయలపై తోలు గోధుమరంగుకు తిరిగి, గరుకుగా, తుప్పు పట్టినట్లు కనిపిస్తుంది. రైతులు దీనిని మంగు అంటారు. కంటికి ఆనని ఒక నల్లి కాయ పిందెగా ఉన్నపుడే పైతోలులోని రసం పీల్చడం వల్ల ఇది కలుగుతుంది. తెగులు ముదిరితే కాయ చిన్నదవుతుంది గాని, సాధారణంగా లోపలి తొనలకు ఏ హానీ ఉండదు. అయినా మంగు కాయ అనగానే ధర పడిపోతుంది. మనం తోలు ఒలిచి పారవేసే పండుకు తోలును చూసి వెల కట్టడం కొంత విడ్డూరమే!

మామిడిపై కనిపించే గీతలు చాలావరకు గాలికి కొమ్మ రాసుకొనడం వల్లనో, తామర పురుగులు గీకడం వల్లనో ఏర్పడినవి. దోసకాయ వంకర తిరిగినదంటే పూవులో పరాగ సంపర్కం సరిగా జరగలేదని అర్థం. క్యారెట్ దుంప రెండు కాళ్ళుగా చీలినదంటే దాని వేరుకు రాయి అడ్డు తగిలినదన్నమాట. పూత సమయంలో చలి ఎక్కువైతే టమాటా అడుగున ముడతలు పడతాయి. నేల ఎండిపోయి ఒక్కసారిగా నీరు తగిలితే తొడిమ చుట్టూ పగుళ్ళు వస్తాయి. వీటిలో ఏదియూ రుచికి సంబంధించినది కాదు.

వ్యాపారులను మాత్రమే నిందించి లాభం లేదు. సరుకును తరగతులుగా విభజించి గుర్తు వేసే చట్టం మన దేశంలో 1937లోనే వచ్చినది. దానికి తగిన కారణమూ ఉన్నది. మదనపల్లె నుండి దూర రాష్ట్రాలకు పోయే టమాటా ఒకే పరిమాణంలో ఉంటేనే పెట్టెలో కుదురుకొంటుంది. పగిలిన కాయ ఒక్కటి ఉన్నా దాని రసం కారి పక్కనున్నవి కూడా చెడుతాయి. కనుక దూరం పోవలసిన సరుకును ఏరక తప్పదు. మేము అనేది ఒక్కటే: దూరం పోలేని కాయ దగ్గరివారి పొయ్యి మీదికి చేరాలి. ఆ దగ్గరివారము మనమే.

మా కర్నూలు జిల్లాలోని పత్తికొండ టమాటాకు పేరు పొందినది. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటిన టమాటా, అదే సంవత్సరం సెప్టెంబరులో రైతుకు అయిదు రూపాయలైనా తెచ్చిపెట్టలేకపోయినది. కోత కూలి, బండి కిరాయి కూడా గిట్టక రైతులు కాయను రోడ్డుపైనే పారబోశారు. అటువంటి రోజులలో మొదటి రకానికే గతి లేనపుడు మచ్చ కాయ చేను దాటి వచ్చేది ఎట్లా? ఒక కిలో టమాటా పండడానికి ప్రపంచ సగటున సుమారు 214 లీటర్ల నీరు అవసరమని శాస్త్రజ్ఞుల అంచనా. బోరు బావులపై ఆధారపడిన సీమలో ఆ నీటి విలువ ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు.

మన పాత వంటిళ్ళలో ఇటువంటి కాయకు తగిన చోటు ఉండేది. గాలివానకు రాలిన మామిడి కాయలను తరిగి ఎండబెట్టి ఒరుగులు చేసేవారు. పండని టమాటాతో పచ్చడి నూరేవారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో మెత్తబడిన టమాటాలు కట్‌గా మారేవి, పుల్లని మామిడి ముక్కలు ఖట్టీ దాల్‌లో పడేవి. ఇస్రాఫ్ అనే మాట మనలో అనేకులకు బాల్యం నుండి పరిచితమే. హద్దు మీరి వ్యయం చేయడం, వృథాపరచడం దాని అర్థం. పెద్దలు కంచంలో వదిలిన అన్నాన్ని చూపి ఆ మాట చెప్పేవారు. సంచిలోకి రాకముందే మనం తిరస్కరించిన కాయకు దానిని అన్వయించినవారు అరుదు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. పొదుపు పేరిట ప్రతిదీ తినరాదు. ఆకుపచ్చగా మారిన ఆలుగడ్డలో సొలనిన్ అనే విషపదార్థం పెరిగి ఉండవచ్చును. ఉడికించినా అది పోదు. సొరకాయ చూపుకు ఎంత చక్కగా ఉన్నా, ముక్క కొరికినపుడు చేదు తగిలితే వెంటనే ఉమ్మివేసి కాయను పారవేయాలి. చేదు సొరకాయ రసం త్రాగి ప్రాణాలు కోల్పోయినవారున్నారు. బూజు పట్టిన మెత్తని పండును, టమాటాను పూర్తిగా వదలవలసినదే, ఎందుకనగా పైకి కనిపించే బూజు కన్న దాని పోగులు లోపలికి ఎక్కువగా పాకి ఉంటాయి. క్యారెట్, క్యాబేజీ వంటి గట్టి వాటిలోనైతే బూజు చుట్టూ అంగుళం మేర లోతుగా కోసివేసి మిగిలినది వాడవచ్చును. దెబ్బ తగిలి కమిలిన పండును ఆ పూటే తినాలి. కనుక కంటితో చూసి ఊరకుండక, చేతితో నొక్కి, వాసన చూసి నిర్ణయించవలసి ఉన్నది.

మన కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంలో ఒక మనవి. వసతి గృహం వంటశాలకు కూరగాయలు కొనే సమయంలో సాంబారు, పప్పు, పచ్చడి వరకైనా రెండవ రకాన్ని రైతుల వద్దనే కొనే అవకాశాన్ని పరిశీలించవలెను. మొదటి రకం కిలో 25 రూపాయలు, రెండవది 15 రూపాయలు అనుకొందాము. రెండవ రకంలో నూటికి 15 వంతులు కోసి పారవేయవలసి వచ్చినా, వంటకు పనికివచ్చే కిలో 18 రూపాయల లోపే పడుతుంది. అయితే ఏరడానికి, తరగడానికి వంటవారికి రోజూ అదనపు శ్రమ ఉంటుంది. ఆ శ్రమకు తగిన కూలి ఈ మిగులులో నుండే ఇవ్వాలి. సరుకును ముందురోజు సాయంత్రం కాక, వండే రోజు ఉదయమే తెప్పించుకోవాలి. వారానికి రెండు రోజులతో ఆరంభించి, ఒక నెలపాటు కొన్న తూకాన్ని, పారవేసిన తూకాన్ని పుస్తకంలో వ్రాసి ఉంచితే, తరువాతి సంగతి కమిటీ సమావేశంలో ఆ అంకెలను ముందుంచుకొని మాట్లాడుకోవచ్చును.